తోటవారికి ఉపయుక్త విషయములు: అడవికి పోవువాని చిన్న డబ్బా

మలేసియాలో పామాయిలు తోటకును అడవికిని నడుమ ఒక చిన్న కాలువయే హద్దుగా నుండు చోట్లు అనేకములు కలవు. తోటలో నివసించువారు వెదురు మొలకలకనియు, కట్టెలకనియు, చేపలకనియు, డూరియన్ పండ్లకనియు ఆ కాలువ దాటి పోవుట వాడుక. ఒకడు ఆదివారము మధ్యాహ్నము మూడు గంటలకు అట్లే పోయెననుకొనుడు. చేత పారాంగు కత్తి యున్నది, జేబులో సెల్‌ఫోను ఉన్నది. అర గంటలో తిరిగి వత్తునని తలంచెను గనుక ఎవరికిని చెప్పలేదు. నాలుగు గంటలకు వర్షము పట్టెను. దాటిన కాలువ పొంగెను. వేరొక త్రోవను వెదకబోయి వచ్చిన త్రోవనే పోగొట్టుకొనెను. ఆరున్నర గంటలకే చెట్ల క్రింద చీకటి కమ్మెను. తెల్లవారుటకు ఇంక పండ్రెండు గంటలకు పైగా కలదు. ఫోనులో సంకేతము లేదు.

ఆ పండ్రెండు గంటలలో వానికి ఏ వస్తువులు పనికివచ్చును? పోవునప్పుడు నడుమునకు కట్టుకొని పోదగినంత చిన్న డబ్బాలో వాటిని ఎట్లు అమర్చవలెను? ఈ సంచికలో విచారింపబడునది ఇదియే.

అడవి యనగానే పెక్కుమందికి మొదట ఆకలి జ్ఞాపకమునకు వచ్చును. అందుచేతనే గాలములు, ఉచ్చుల తీగెలు, పెద్ద కత్తులు డబ్బాలో నింపుకొందురు. అయితే ఆకలి మనుష్యుని తొందరగా చంపదు. ఆరోగ్యవంతుడు ఆహారము లేక వారములకొలది బ్రతుకగలడు. నీరు లేక ఇంచుమించు మూడు దినములే బ్రతుకును. వేడిలో చెమటపట్టి తిరుగువానికి ఆ గడువు ఇంకను తగ్గును. తడిసిన బట్టలతో గాలిలో కూర్చున్నవాని శరీరము కొన్ని గంటలలోనే చల్లబడి, చేతులు స్వాధీనము తప్పి, బుద్ధి మందగించును. ఇది మంచు దేశములకు మాత్రమే చెందిన అపాయమని తలంపరాదు. వర్షములో రాత్రియంతయు నానినవానికి మలేసియా కొండలమీదను ఇది సంభవించును. కాబట్టి క్రమమిది: మొదట శరీరపు వేడిని కాపాడుట, పిమ్మట నీరు, పిమ్మట వెదకువారికి తెలియజేయుట, గాయములను మూయుట, కట్టకడపట ఆహారము. డబ్బాలోని చోటును ఈ క్రమమున పంచవలెను.

ఇట్టి డబ్బాలు క్రొత్తవి కావు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున శత్రుదేశములో పడిపోవు విమానసైనికుల కొరకు బ్రిటిషువారు ఒక చిన్న పెట్టెను సిద్ధపరచిరి. దానిని కల్పించినవారిలో క్లేటన్ హట్టన్ అను అధికారి ముఖ్యుడు. అందులో మాల్టుపాల బిళ్లలు, నీటిని శుద్ధిచేయు బిళ్లలు, రబ్బరు నీటిసంచి, అగ్గిపుల్లలు, చిన్న దిక్సూచి మొదలగునవి ఉండెను. తరువాత 1986లో, బ్రిటిషు సైన్యపు ఎస్.ఏ.ఎస్. దళములో పనిచేసిన జాన్ వైజ్‌మన్ అనునాయన తన గ్రంథములో పొగాకు డబ్బీలో పట్టునట్టి వస్తువుల పట్టిక నిచ్చెను. అగ్గిపుల్లలు, క్రొవ్వువత్తి, చెకుముకి, సూదిదారము, గాలములు, దిక్సూచి, ఉచ్చుల తీగె, మడిచి పెట్టదగిన రంపము అందలివి. నేడు అంగళ్లలో అమ్ముడుపోవు డబ్బాలలో పెక్కు ఆ పట్టికనే అనుసరించుచున్నవి.

వాటిని నిందింప నక్కరలేదు. అయితే విమానసైనికుడు దినములకొలది దాగి నడిచి శత్రుదేశమును దాటిపోవలసినవాడు. ఎవరికిని కనబడకుండుటయే వానికి క్షేమము. తోటవాడు ఒకటి రెండు రాత్రులు గడపి, తన్ను వెదకువారికి దొరుకవలసినవాడు. ఇద్దరి అవసరములు ఒకటి కావు. అందుచేత ఇతరుని పట్టికను అక్షరాల ఎత్తి వ్రాసికొనక, ప్రతి వస్తువును మూడు ప్రశ్నలు అడుగవలెను. ఇది పైని చెప్పిన క్రమములో దేనికి పనికివచ్చును? తడిసినను పనిచేయునా? చీకటిలో, వణకు చేతులతో, దీనిని కలిగియున్నవాడు ఉపయోగింపగలడా? మూడింటికిని తగిన యుత్తరము చెప్పలేని వస్తువు ఎంత అందమైనదైనను డబ్బాలో ఉండదగదు.

మొదట డబ్బానే ఎన్నుకొనవలెను. ప్లాస్టికు డబ్బా తేలికయే గాని దానిలో నీరు కాచుటకు వీలులేదు. పొగాకు డబ్బీలో కాచవచ్చును గాని గుక్కెడు నీరు మాత్రమే పట్టును. తోటవారి యింట దీనికంటె మంచిది ముందే యున్నది. టిఫిను క్యారియరులోని ఒక గిన్నె, బిగువైన మూతతో, అర లీటరు లేక ముప్పాతిక లీటరు పట్టు స్టీలుది, వస్తువులను మోయు పెట్టెయు నగును, నీరు కాచు పాత్రయు నగును. మూత చుట్టును సైకిలు ట్యూబునుండి కోసిన వెడల్పు పట్టీని బిగించినయెడల తడి లోపలికి సులభముగా చొరదు. లోపలి వస్తువులను మరల గట్టి ప్లాస్టికు సంచిలో చుట్టవలెను.

నీరు కాచు పాత్ర ఎంత విలువగలదో మలయా తోటల చరిత్రయే సాక్ష్యమిచ్చుచున్నది. 1942, 1943 సంవత్సరములలో జపానువారు సయాము నుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గమును అడవులగుండ వేయించినప్పుడు, మలయా తోటలనుండి వేలకొలది దక్షిణ హిందూదేశపు కూలీలు అక్కడికి తీసికొనిపోబడిరి. 1943లో కలరా వచ్చెను. యుద్ధఖైదీల శిబిరములలో వైద్యులును అధికారులును కాచిన నీరు తప్ప త్రాగరాదనియు, భోజనపు గిన్నెలను మరుగు నీటిలో ముంచవలెననియు కట్టడి చేసిరి. వైద్యులు గాని, క్రమము గాని, తగిన పాత్రలు గాని లేని కూలీల శిబిరములలో మరణములు మిక్కిలి యధికమాయెను. తోటవారి కుటుంబములలో ఆ మార్గమునకు పోయి తిరిగిరాని వారి పేళ్లు ఇప్పటికిని చెప్పుకొందురు. ఒక గిన్నెయు, నిప్పును, నియమమును ఎంత పని చేయునో అక్కడ తేలినది.

ఇక లోపలి వస్తువులు. వేడిని కాపాడుటకు మొదటిది పెద్ద ప్లాస్టికు సంచి. పెద్దవాడు మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నప్పుడు భుజములనుండి పాదములవరకు కప్పునంత పెద్దదై, దళసరిగా నుండవలెను. నారింజ రంగుదైన వెదకువారికి దూరమునుండి కనబడును. మూసియున్న అడుగుభాగపు మూలను ముఖము పట్టునంత కోసి, దానిని తలమీదినుండి తొడుగుకొనవలెను. ముఖము ఎప్పుడును బయటనే యుండవలెను. చిన్నపిల్లలకు ఊపిరి ఆడకపోవుననెడి భయముండుటచేత వారిని పెద్దలు దగ్గరనుండి కనిపెట్టవలెను. తడినేల శరీరపు వేడిని ఎడతెగక లాగుకొనును గనుక, మట్టలును ఆకులును దులిపి మందముగా పరచి వాటిమీద కూర్చుండవలెను. కాలువ యొడ్డునను, ఎండిన కొమ్మలు వ్రేలాడు చెట్టు క్రిందను రాత్రి యుండరాదు. పై కొండలలో కురిసిన వాన కాలువను హఠాత్తుగా పొంగించును. గాలికి కొమ్మలు విరిగి పడును.

సంచితో కూడ సన్నని నైలాను త్రాడు ఎనిమిది లేక పది మీటర్లు ఉంచుకొనవలెను. పారాచూటు త్రాడని అమ్మబడు దానిలో మంచిరకమునకు లోపల ఏడు పేటలుండును; అది 550 పౌనుల, అనగా ఇంచుమించు 250 కిలోల బరువును ఓర్చును. పేటలను విడదీసిన దారముగా ఉపయోగపడును. అయితే ఆ పేరుతోనే బలము లేని త్రాడును అమ్ముదురు. రెండు చెట్లకు కట్టి బరువు వ్రేలాడదీసి పరీక్షించినగాని నమ్మరాదు.

రెండవది నిప్పు. ఇందుకు ఒక్క సాధనమునే నమ్ముకొనరాదు. సాధారణమైన గ్యాసు లైటరు అన్నిటికంటె సులభమైనది. తడిసిన యెడల దాని చక్రమును ఊది ఆరబెట్టవలెను. దానికి తోడుగా నిప్పురవ్వలు రాల్చు కడ్డీ యొకటి కావలెను. ఆ మిశ్రలోహమును 1903లో ఆస్ట్రియా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడైన కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ కనుగొనెను. లైటరులోని చిన్న రాయియు అదియే. నీటిలో పడినను తుడిచి గీచినయెడల రవ్వలు రాల్చును. అయితే అభ్యాసము లేనివానికి రవ్వలు మాత్రము వచ్చును, మంట రాదు.

అగ్గి అంటింపనేర్చినవానికిని అడవిలో ఎండిన పుల్ల దొరకుట కష్టము. ఇక్కడ రబ్బరు తోటవారి ఎరుక ఉపయోగపడును. సైకిలు ట్యూబు ముక్కలు వేలెడు పొడవున కోసి పదింటిని ఉంచుకొన్నయెడల, అవి తడిసినను తుడిచి అంటించినప్పుడు నల్లని పొగతో కొన్ని నిమిషములు మండి, సన్నని పుల్లలను ఎండించి రగిలించును. ఆ పొగను పీల్చరాదు. మలయా అడవులలో కొన్ని చెట్ల మొదట రాలి గడ్డకట్టియుండు దామర్ అను బంకయు బాగుగా మండును. పూర్వము మలయులు దానితో దివిటీలు చేసికొనిరి. అది తెలుగువారికి పరాయిది కాదు. తెలుగుదేశపు గుగ్గిలపు చెట్టును, దామర్ ఇచ్చు మెరాంతి చెట్టును ఒక్క కుటుంబమువే. ఒక క్రొవ్వువత్తిని కూడ ఉంచుకొనవలెను. ఒక్కసారి అంటించిన వత్తి, పుల్లలు రగులువరకు నిలిచియుండి లైటరును మిగుల్చును.

మూడవది నీరు. మలేసియా అడవిలో నీటికి కొరత తక్కువ. మంచి నీటికే కొరత. తేటగా కనబడు కాలువలో సహితము ఎలుకల మూత్రమువలన వచ్చు జ్వరపు క్రిములు ఉండవచ్చును. అవి గాయములగుండను శరీరములో ప్రవేశించును. కాబట్టి బురదనీటిని ముందు శుభ్రమైన గుడ్డలో వడగట్టి, గిన్నెలో తెర్లునట్లు ఒక నిమిషము కాచవలెను. నిప్పు చేసికొన వీలులేనప్పుడు క్లోరీను బిళ్లలు ఉపయోగపడును. వాటిని పొట్లముమీద వ్రాసియున్న కొలతచొప్పున వేసి, చెప్పినంత కాలము, సాధారణముగా 30 నిమిషములు, ఆగి త్రాగవలెను. చెమటవలన ఉప్పు నష్టమగును గనుక, ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండు పెట్టుకొనవలెను. పొట్లముమీద ఎంత నీరని వ్రాసియున్నదో అంత నీటిలోనే కలుపవలెను. శుభ్రమైన ప్లాస్టికు నీటిసంచి మడిచి పెట్టిన చోటు పట్టదు.

ఇక్కడ తోటవారు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి యొకటి కలదు. కలుపుమందు, పురుగుమందు ఉండిన సీసాలను ఎన్నిసార్లు కడిగినను త్రాగునీటికి వాడరాదు. పారాక్వాటు అను కలుపుమందు మలేసియాలో 2020 జనవరి 1 నుండి నిషేధింపబడినది. అది ఒక్క గ్రుక్కెడు మ్రింగినను ప్రాణము తీయగలది. దానికి విరుగుడు లేదు. పాత సీసా యేమూలనైనను మిగిలియుండవచ్చును. అట్టి గిడ్డంగి సీసాలో నీరు పట్టుకొని అడవికి పోవుటకంటె వట్టి చేతులతో పోవుట మేలు.

నాలుగవది కత్తి. పారాంగు తోటవాని చేతికి అలవాటైనది. దానికంటె మంచిదానిని అంగడిలో వెదక నక్కరలేదు. అయితే పరుగెత్తునప్పుడు, కాలువ దాటునప్పుడు అది చేజారవచ్చును. అందుచేత డబ్బాలో పట్టు చిన్న కత్తి యొకటి కావలెను. మడుగు కత్తికంటె, అలుగు పిడిలోపలికి కడవరకు పోయిన కత్తి గట్టిది. తుప్పుపట్టని ఉక్కు ఈ తేమ దేశమునకు తగినది. మామూలు ఉక్కు పదునుపెట్టుటకు సులభమే గాని నెలకొకసారి కొబ్బరినూనె రాయనిచో తుప్పుపట్టును. వెలకంటె పదునును చూడవలెను.

అయిదవది తెలియజేయు సాధనము. మనుష్యుని గొంతు అర గంట అరచునప్పటికి బొంగురుపోవును. ఈల చివరి ఊపిరివరకు పనిచేయును. లోపల గుండు లేని ప్లాస్టికు ఈల తడిసినను నిలువదు. దానిని డబ్బాలో గాక మెడకు కట్టుకొనవలెను. ఒక నిమిషములో ఆరుసార్లు ఊది, ఒక నిమిషము ఆగి, మరల ఊదుట ఆపదను తెలుపు గురుతు. 1894లో క్లింటన్ డెంట్ అను ఆంగ్లేయుడు ఆల్ప్స్ పర్వతములలోని ప్రయాణికులకొరకు దీనిని ప్రతిపాదించెను. ఆగినప్పుడే జవాబు వినబడును గనుక ఆ నిమిషపు మౌనము కూడ గురుతులో భాగమే. తలకు కట్టుకొను చిన్న దీపము చేతులను విడిచిపెట్టును. ఫోనునే దీపముగా వాడినయెడల అత్యవసరపు 999 నంబరునకు పిలుచుటకు దానిలో బలము మిగులదు. దిక్సూచి చిన్నదైనను మంచిదే. అయితే రోడ్డు ఏ దిక్కున నున్నదో బయలుదేరక మునుపు చూచుకొననివానికి అది ఉత్తరమును చూపునేగాని ఇంటిని చూపదు.

ఆరవది గాయముల సంగతి. వెడల్పైన గుడ్డకట్టు ఒకటి, అంటుకొను పట్టీలు కొన్ని, గాయము కడుగు మందు కొంచెము చాలును. మధుమేహము, ఉబ్బసము మొదలగు రోగములుగలవారు తమ మందు ఒక దినమునకు సరిపడునంత చేర్చుకొనవలెను. ఇది ఏ పట్టికలోను కనబడకపోవచ్చును గాని వారికి మిగిలినవన్నిటికంటె ముఖ్యము. పాత డబ్బాలలో పాముకాటును కోయుటకు క్షురపు బ్లేడును ఉంచెడివారు. నేటి వైద్యము దానిని త్రోసిపుచ్చినది. కాటును కోయరాదు, నోటితో పీల్చరాదు, గట్టిగా త్రాడు బిగించరాదు. కరచిన అవయవమును కదలకుండ నుంచి ఆసుపత్రికి చేర్చవలెను.

కట్టకడపటిది ఆహారము. నాలుగైదు చక్కెరబిళ్లలు చాలును. 1971 డిసెంబరు 24న పెరూ దేశపు అడవిమీద ఒక విమానము తునకలైనప్పుడు, అందలి 92 మందిలో జూలియానె కోప్కె అను 17 ఏండ్ల బాలిక మాత్రమే బ్రతికి బయటపడెను. పదకొండు దినములు ఆమె అడవిలో నడచెను. ఆమె యొద్ద ఉండిన ఆహారము ఒక మిఠాయి పొట్లమే. ఆమె తలిదండ్రులు జంతుశాస్త్రజ్ఞులు. ప్రవాహము వెంబడి పోయిన మనుష్యులు దొరకుదురని తండ్రి నేర్పిన మాటను పట్టుకొని ఆమె బ్రతికెను. ఆమెను మిక్కిలి బాధించినది ఆకలికంటె పురుగులు పట్టిన గాయము. కట్టుగుడ్డకు డబ్బాలో గాలముకంటె ముందు చోటియ్యవలెననుటకు ఇది తగిన దృష్టాంతము. అయితే ఆమె ఎక్కడ పడినదో ఎవరికిని తెలియదు. ఇంటివారికి చెప్పి పోయినవాడు త్రోవ తప్పినయెడల నడువక ఒక్కచోట నిలుచుటయే మేలు. నడచినకొలది వెదకవలసిన చోటు పెరుగును.

ఇన్నియు కూడినను డబ్బా బరువు ఒక కిలో కాదు. ఈల మెడకును, చిన్న కత్తి నడుమునకును, మిగిలినవి గిన్నెలోను ఉండును. పెద్ద సంచి గిన్నెలో పట్టనియెడల దానిని చుట్టి గిన్నె క్రింద కట్టవలెను.

డబ్బా సిద్ధమైనంతమాత్రమున పని ముగియలేదు. ఒక వర్షపు సాయంకాలమున ఇంటి వెనుక నిలుచుండి, ఇందలి వస్తువులతోనే నిప్పుచేసి, గిన్నెడు నీరు కాచి చూడవలెను. మొదటిసారి తప్పక తప్పిపోవును. ఆ తప్పు ఇంటి వెనుక జరుగుట మేలు. పిల్లలను ప్రక్కన నిలువబెట్టుకొని ఆరు ఈలల గురుతు నేర్పవలెను. ఏప్రిలులోను అక్టోబరులోను, గట్టి వానలకు ముందు, డబ్బాను విప్పి బిళ్లల గడువును, దీపపు బ్యాటరీని, లైటరును చూచి, కత్తికి నూనె రాయవలెను.

1942 మొదలు మూడేండ్లకు పైగా మలయా అడవులలో దాగియుండిన స్పెన్సర్ చాప్మన్ అను బ్రిటిషు అధికారి, 1949లో ప్రకటించిన తన గ్రంథమునకు అడవి యెవరి పక్షమునను ఉండదను అర్థమిచ్చు పేరు పెట్టెను. అడవి తోటవానికి శత్రువును కాదు, స్నేహితుడును కాదు. సిద్ధపడి వచ్చినవానిని, సిద్ధపడక వచ్చినవానిని అది ఒక్కరీతిగానే తడుపును.

బరువు లేనిదియు, వెల లేనిదియు నగు సాధన మొకటి మిగిలియున్నది. బయలుదేరుటకు మునుపు గుమ్మమున నిలిచి, ఏ కాలువ దాటి పోవుచున్నాడో, ఏ గంటకు తిరిగి వచ్చునో, రానియెడల ఎప్పుడు బొంబావారిని పిలువవలెనో ఇంటివారితో చెప్పుట. పై చెప్పిన మనుష్యుడు ఆ ఒక్క మాట చెప్పి, ఆ గిన్నెను నడుమునకు కట్టుకొని పోయియున్నయెడల, సంచి కప్పుకొని, చెట్ల ఆకులమీద కూర్చుండి, గంటగంటకు ఈల ఊదుచు తెల్లవారువరకు కనిపెట్టెడివాడు. చలిగాను, నిద్రలేకయు గడచిన రాత్రియే గాని అంతకుమించినది కాకపోవును. గిన్నె మాత్రము వంటయింటి బల్లమీదనే యున్నయెడల దానివలన ఎవనికిని ప్రయోజనము లేదు.